ఇంకో లోకంలో మన ఇల్లు



టీ.వీ. గురించి ఈ శీర్షికలో వ్రాసినప్పుడల్లా రెండు రకాల ఉత్తరాలు వస్తూ ఉంటాయి. ఆ పెట్టెను ఇంట్లోనుండి తీసివేయండని కొందరు వ్రాస్తారు. పిల్లలు ఏమి చూడవచ్చునో చెప్పండని మరికొందరు అడుగుతారు. ఈ నెల ఆ రెండు మాటలనూ ప్రక్కన పెట్టి, ఒక భాగం చూసిన తరువాత మా సంఘంలో జరిగిన సంగతి మీతో పంచుకుంటాను. అందులో నేను చేసిన పొరపాటు కూడా ఉన్నది. దానిని దాచకుండా వ్రాస్తున్నాను.

మా శాంతిపురంలో ఆదివారం సాయంత్రం యౌవనస్థుల కూడిక జరుగుతుంది. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలకు ఇంటికి వచ్చే ఒక తమ్ముడు ఒకసారి ఇలా అడిగాడు: “సార్, ఎప్పుడూ మీరే ప్రశ్నలు వేస్తారు. ఈసారి నేనొక కథ చూపిస్తాను. దానిమీద అందరం మాట్లాడుకుందాం.” సంఘ పెద్దల అనుమతి తీసుకుని, గుడి వెనుక గదిలో గోడకు తెల్ల దుప్పటి కట్టి చూశాము. మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి గనుక అతడే మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పాడు. స్త్రీల సమాజంలోని నలుగురు పెద్దమ్మలు కూడా వచ్చి వెనుక చాపమీద కూర్చున్నారు.

మేము చూసిన కథ

అది ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్’ అనే అమెరికా ధారావాహికలో ‘ప్యారలల్స్’ అనే భాగం. బ్రానన్ బ్రాగా వ్రాసినది. 1993 నవంబరులో మొదటిసారి ప్రసారమైనది.

వోర్ఫ్ అనే అధికారి ఒక పోటీలో గెలిచి, చిన్న వాహనంలో తన అంతరిక్ష నౌకకు తిరిగి వస్తాడు. ఆ దినం అతని పుట్టినరోజు. స్నేహితులు కేకు తెస్తారు. మొదట అది చాక్లెట్ కేకు. కాసేపటికి చూస్తే అది పసుపు రంగు కేకు! ఆ మార్పు అతనికి తప్ప ఎవరికీ తెలియదు. తరువాత గదిలోని చిత్రపటం ఒక గోడమీద నుండి మరొక గోడమీదికి మారుతుంది. అక్కడినుండి మార్పులు పెద్దవవుతాయి. తాను రోజూ వాడే మీటలు ఉన్నట్టుండి వేరే విధంగా కనబడినందువల్ల, శత్రువు దాడి వేళ అతడు రక్షణ కవచాన్ని పైకి లేపలేకపోతాడు. దానివల్ల ఒక స్నేహితుడు ప్రాణం పోగొట్టుకుంటాడు. మరొక మార్పులో, నిన్నటిదాకా స్నేహితురాలుగా ఉన్న ట్రాయ్ అతని భార్యయై యుంటుంది. ఇంకొక మార్పులో వారి కెప్టెను ఎప్పుడో చనిపోయి ఉంటాడు.

కారణం చివరికి తెలుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అతని వాహనం ఆకాశంలో ఒక పగులుగుండా వచ్చింది. ఎన్నో లోకాలు ఒకదానినొకటి తాకేచోటు అది. జరగగలిగినదంతా ఏదో ఒక లోకంలో జరుగుతూనే ఉన్నదనీ, అతడు ఒక లోకంనుండి మరొక లోకంలోకి జారిపోతున్నాడనీ కథ చెబుతుంది. ఆ పగులు పెద్దదై 2,85,000 నౌకలు ఒకేచోటికి వచ్చి నిలుస్తాయి. అన్నీ ఒకే నౌక, అన్నింటిలో అదే మనుషులు! వాటిలో ఒకటి శత్రువులు మ్రింగివేసిన లోకంనుండి వచ్చినది. దాని అధికారి, మా లోకానికి మేము తిరిగి వెళ్ళలేమని కేకలు వేస్తాడు. అయితే ఎవరి లోకానికి వారు చేరితేనే ఆ పగులు మూసుకుంటుంది. వోర్ఫ్ తన లోకానికి తిరిగి వస్తాడు. గదిలో ట్రాయ్ ఉంటుంది. ఇక్కడ ఆమె భార్య కాదు, స్నేహితురాలే. భోజనానికి ఉండమని ఆమెను అడుగుతాడు. అక్కడితో కథ ముగిసింది.

చూసినవారు ఏమన్నారు?

దీపాలు వేయగానే నవ్వులు మొదలైనవి. ఇంటర్ తప్పిన తమ్ముడొకడు, “సార్, ఆ లోకంలో నాకు ఇంజనీరింగు సీటు వచ్చి ఉంటుంది” అన్నాడు. టమోటా సాగు చేసే అన్న ఒకరు, “ఆ దినం బండిని మదనపల్లెకు కాకుండా కోలారుకు తోలిన నేను, అక్కడ కారులో తిరగతా ఉంటాను” అన్నారు. ధర పడిపోయిన దినం పంటను రోడ్డు ప్రక్కన పారబోసిన మనిషి ఆయన. అందరితోపాటు ఆయనా నవ్వారు. క్రొత్తగా పెండ్లయిన ఒక చెల్లెలు, “అక్కడ నాకు వేరే సంబంధం కుదిరి ఉంటుందేమో” అన్నది. గదంతా నవ్వింది గాని, ప్రక్కన కూర్చున్న భర్త నవ్వు మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చింది.

సంఘ పెద్దలలో ఒకరు, దేవుడు ఒక్క సృష్టి చేశాడు, ఇలాంటి కథలు గుడి ఆవరణలో చూపకూడదన్నారు. ఆయన మాటలోని భయం నాకు అర్థమైనది.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి అడిగినది అన్నిటికంటే లోతైన ప్రశ్న. “సార్, అన్నీ ఎక్కడో ఒకచోట జరుగుతాయంటే, ఇక్కడ నేను నిజం చెబితే అక్కడ ఇంకో నేను అబద్ధం చెబుతుంది గదా. అప్పుడు నేను నిజం చెప్పినదానికి విలువేమిటి? ప్రార్థన చేయడం దేనికి?”

దానికి జవాబు వెదుక్కుంటూ ఉండగా వెనుక చాపమీదనుండి ఒక పెద్దమ్మ గొంతు వినబడింది.

“నాయనా, ఆ లోకంలో మా వాడు ఉండాడా?”

గది నిశ్శబ్దమైపోయింది. ఆమె కుమారుడు ఆరేండ్ల క్రితం రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. నేను తొందరపడి, “పెద్దమ్మా, ఇదంతా కల్పించిన కథ. మన వాడు ప్రభువు సన్నిధిలో ఉన్నాడు” అన్నాను. చెప్పినది అబద్ధం కాదు. కాని ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. ఆమె తలాడించి, చాప చుట్టి గోడకు ఆనించి, ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శాస్త్రం ఏమి చెబుతుంది?

మొదట ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. ఈ తలంపు టీ.వీ. వారు పుట్టించినది కాదు. 1957లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో హ్యూ ఎవరెట్ అనే యువకుడు తన డాక్టరేటు పరిశోధనలో దీనికి పునాది వేశాడు. అణువుకంటె చిన్నవైన కణముల లెక్కలలో ఒక చిక్కు ఉన్నది. కొలవకముందు ఒక కణం ఇలాగైనా ఉండవచ్చు, అలాగైనా ఉండవచ్చునని లెక్క చెబుతుంది. కొలిచినప్పుడు మాత్రం ఒకటే కనబడుతుంది. మరి రెండవది ఏమైనది? అదీ జరిగినది, అయితే వేరొక శాఖలో జరిగినదని ఎవరెట్ అన్నాడు. ఆ దినములలో దానిని పట్టించుకున్నవారు తక్కువ. అతడు విశ్వవిద్యాలయం వదలి అమెరికా రక్షణ శాఖ పనులలోకి వెళ్ళిపోయాడు. 1970లో బ్రైస్ డెవిట్ అనే శాస్త్రవేత్త వ్రాసిన వ్యాసంతో ఆ తలంపు చాలామందికి తెలిసింది. 1982లో, 51 ఏండ్ల వయసులో, ఎవరెట్ చనిపోయాడు.

నేటికీ శాస్త్రవేత్తలు దీనిమీద ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ లెక్కలకు ఇది ఒక వివరణ. వేరే వివరణలు కూడా ఉన్నాయి. ఆ శాఖలను చూసినవారు లేరు, వెళ్ళి వచ్చినవారు అసలే లేరు. ఎవరెట్ మాట్లాడినది కణముల కొలతను గురించి. ‘నేను టమోటాలు కోలారుకు పంపి ఉంటే’ అనే మన బాధను గురించి కాదు. దానిని మన పశ్చాత్తాపాలకు, మన ఆశలకు ముడివేసినది కథలు వ్రాసినవారు.

అయినా ఆ అమ్మాయికి నేను చెప్పినది ఇది. ఒకవేళ అలాంటి లోకాలు ఉన్నా, అక్కడ అబద్ధం చెప్పేది నీవు కాదు. నీ ముఖంతో ఉన్న వేరొకరు. దేవుని ఆజ్ఞ నీకు ఇవ్వబడినది. నీ ప్రార్థన నీ నోటనుండి వస్తుంది. నీ తలవెండ్రుకలను లెక్కించిన తండ్రి (మత్త. 10) నిన్ను ఎరిగి యున్నాడు. మేము చూసిన కథలో కూడా వోర్ఫ్ 2,85,000 నౌకలలో తనది వెదుక్కుని తన చోటికే వెళ్ళాడు.

వాక్యం ఏమి చెబుతుంది?

‘అలా చేసి ఉంటే ఏమయ్యేది’ అనే ప్రశ్న బైబిలుకు క్రొత్తది కాదు. ముగ్గురి దగ్గర దీనిని చూద్దాము.

మొదటిది, 1 సమూయేలు 23వ అధ్యాయం. ఫిలిష్తీయులు కెయీలా ఊరి కళ్లాలను దోచుకుంటుంటే దావీదు వెళ్ళి ఆ ఊరిని రక్షించాడు. అతడు అక్కడ ఉన్నాడని సౌలుకు తెలిసింది. సౌలు వస్తాడా, వస్తే ఈ ఊరివారు నన్ను అతనికి అప్పగిస్తారా అని దావీదు దేవుని దగ్గర విచారణ చేశాడు. వస్తాడు, వీరు అప్పగిస్తారు అని జవాబు వచ్చింది. వెంటనే దావీదు, అతనితోకూడ సుమారు 600 మంది, ఊరు విడిచి వెళ్ళిపోయారు. సౌలు రావడం మానుకున్నాడు. గమనించండి. దావీదును అప్పగించిన కెయీలా అనేది ఎన్నడూ లేదు. అది జరగనే లేదు. అయినా జరగనిదానిని కూడా దేవుడు ఎరిగి యున్నాడు. దావీదు లేచి నడవడానికి అవసరమైనంత మట్టుకు దానిని తెలియజేశాడు. కూర్చుని ఏడవడానికి కాదు.

రెండవది, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం. ప్రయాణం వద్దని పౌలు ముందే హెచ్చరించాడు. శతాధిపతి ఆ మాట వినక, నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మాడు. తుఫాను పట్టుకున్నది. సరుకులు సముద్రంలో పారవేశారు. చాలా దినాలు సూర్యుడు గాని నక్షత్రాలు గాని కనబడలేదు. అప్పుడు పౌలు నిలువబడి, నా మాట విని క్రేతునుండి బయలుదేరకుండా ఉండవలసినదని వారితో అన్నాడు. ఆ మాట ఒక్కసారే అన్నాడు. వెంటనే ధైర్యము తెచ్చుకొమ్మన్నాడు. ఆ తరువాత రొట్టె పట్టుకుని, దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, వారిచేత తినిపించాడు. ఓడలో ఉన్న 276 మందీ ప్రాణంతో ఒడ్డు చేరారు. ‘నేను ముందే చెప్పాను గదా’ అనే మాటను మన ఇండ్లలో ఎన్నిసార్లు అంటాము? దాని తరువాత రొట్టె పెట్టడం ఎన్నిసార్లు మరచిపోతాము?

మూడవది, యోహాను 11వ అధ్యాయం. లాజరు చనిపోయి నాలుగు దినములైనది. ప్రభువు ఇక్కడే ఉండి ఉంటే తమ సహోదరుడు చనిపోయేవాడు కాడని మార్త ఆయనతో అన్నది. కాసేపటికి మరియ వచ్చి అదే మాట అన్నది. ఆ నాలుగు దినములు ఆ ఇంట్లో వారు ఆ మాటే అనుకుంటూ ఉండి ఉంటారు. ప్రభువు మార్తతో పునరుత్థానమును గూర్చి మాట్లాడాడు. మరియ ఏడుస్తుంటే చూసి, అతనిని ఎక్కడ ఉంచారని అడిగాడు. కన్నీళ్ళు విడిచాడు. నేను ఉండి ఉంటే ఏమయ్యేదో వివరించలేదు. సమాధి దగ్గరికి నడిచాడు.

పెద్దమ్మ ఇంట్లో

మరుసటి సోమవారం సాయంత్రం ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఈ సంగతి వ్రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. గుర్తులు కొన్ని మార్చాను.

ఆమె పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేస్తున్నది. పని ఆపకుండానే మాట్లాడింది. కుమారుడు బెంగుళూరులో పని చేసేవాడు. సోమవారం తెల్లవారుజామున కుప్పంలో రైలెక్కేవాడు. ఆ దినం ఆమె పొయ్యి అరగంట ఆలస్యంగా వెలిగించింది. తిని బయలుదేరేసరికి రైలు దొరకదని తేలింది. మరుసటి రైలుకు పోవచ్చు గదా అని తల్లి అన్నది. జీతం కోస్తారు, మోటారు సైకిలుమీద పొమ్మని కోడలు అన్నది. అతడు మోటారు సైకిలుమీద వెళ్ళాడు.

“అంతా ఆ అరగంటలో ఉంది నాయనా. పొయ్యి నేను ఆలిస్యంగా ఎలిగించినా. పొమ్మనింది ఆ పిల్ల. నా తప్పును మింగినా, దాని తప్పును మింగలేకపోయినా.”

కోడలు ఇప్పుడు చిన్న పిల్లవానితో పుట్టింట్లో ఉంటున్నది. బస్సులో పోతే గంట ప్రయాణం. ఆరేండ్లలో పెద్దమ్మ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. గుడిలో అందరికీ ప్రభువు సమాధానం చెబుతుంది. ఆ ఇంటికి మాత్రం చెప్పలేదు.

నాకప్పుడు తెలిసింది. ఆమెకు ఇంకో లోకం గురించి టీ.వీ. చెప్పనవసరం లేదు. ఆరేండ్లుగా ఆమె అక్కడే కాపురం ఉన్నది. పొయ్యి త్వరగా వెలిగిన లోకం అది. రైలు దొరికిన లోకం. అక్కడ కొడుకు ఉన్నాడు. అయితే ఆ లోకంలో ఉన్నంతసేపు, ఈ లోకంలో ఉన్న మనవడిని ఆమె చూడలేకపోయింది.

నేను ఏ జవాబూ చెప్పలేదు. యోహాను 11వ అధ్యాయం చదివాను. అక్కా చెల్లెండ్లు ఇద్దరూ ఒకే మాట ప్రభువుతో అన్నారనీ, ఆ మాటను ఒకరిమీద ఒకరు వేసుకున్నట్లు వాక్యంలో ఎక్కడా లేదనీ మాత్రం చెప్పాను. ఆమె చేతిలోని ఆకు తట్టలో వేసి చాలాసేపు ఊరకుండినది. తరువాత నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్లు, “ఆ పిల్ల గూడా అదే అనుకుంటా ఉంటాదా?” అన్నది.

పది దినముల తరువాత మా ఇంటికి వచ్చి ఒక సంచి ఇచ్చింది. ఉడకబెట్టిన శెనక్కాయలు. “ఆ ప్రక్కకు పోతావు గదా నాయనా, ఇచ్చేసి రా. పిల్లోడికి ఇష్టమో కాదో నాకు తెలీదు. వాళ్ళ నాయనకు ఇష్టం” అన్నది. నేను తీసుకువెళ్ళాను. కోడలు సంచి అందుకుని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు కండ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ సంచిలోనే చింతపండు పెట్టి ఇచ్చింది. సంచి ఖాళీగా పంపకూడదు గదా అన్నది. ఇద్దరూ ఇంకా ఎదురెదురుగా మాట్లాడుకోలేదు. వారికోసం మీరు ప్రార్థించండి.

మనకు పాఠం

ప్రియులారా, నలభై ఏండ్ల లోపున మన తెలుగువారు కాలం దాటిన కథలు రెండు బాగా చూశారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ వచ్చింది. కాలయంత్రంలో కృష్ణదేవరాయల సభకు వెళ్ళడం చూసి మనమంతా ఆశ్చర్యపోయాము. 2022లో ‘ఒకే ఒక జీవితం’ వచ్చింది. అందులో కుమారుడు 1998కి వెనుకకు వెళ్ళేది రాయల సభను చూడడానికి కాదు, ప్రమాదంలో పోయిన తల్లిని కాపాడుకోవడానికి. కాపాడలేకపోతాడు. మొదటిది చూసి మన పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండవది చూసి పెద్దలు కండ్లు తుడుచుకున్నారు. యంత్రం ఏదైనా కావచ్చు, దానిలో ఎక్కించేది మన దుఃఖమే.

కాబట్టి మీ పిల్లలు ఇలాంటి కథ చూసినప్పుడు, కట్టివేయమని గద్దించడానికి ముందు, నీకైతే ఏ లోకానికి పోవాలని ఉన్నదని అడగండి. ఆ జవాబులో వారి గాయం ఎక్కడున్నదో మీకు తెలుస్తుంది. మా యౌవనస్థుల నవ్వులలో కూడా అది ఉన్నది. సీటు రాని తమ్మునిలో ఉన్నది. పంట పారబోసిన అన్నలో ఉన్నది. ఆలస్యంగా నవ్విన ఆ భర్తలో కూడా ఉన్నదేమో. ఆ దినం నేను వినలేదు, నవ్వి ఊరకున్నాను. ఇప్పుడు ఒక్కొక్కరి ఇంటికి వెళ్తున్నాను.

కుటుంబ ప్రార్థనలో ఈ నెల

యోహాను 11:17-44 కలిసి చదవండి. తరువాత ఇంట్లో ప్రతి ఒక్కరు, ‘అలా చేసి ఉంటే’ అని తాము మోస్తున్న మాట ఒకటి దేవునితో చెప్పండి. బయటికి చెప్పలేనివారు మనస్సులోనే చెప్పవచ్చు. ఆ మాటలో ఇంకొకరిమీద వేసిన నింద ఉన్నదేమో పరీక్షించుకోండి. ఉంటే, ఈ నెల ముగియకముందే ఆ ఇంటికి ఒక సంచి పంపండి. అందులో ఏమి పెట్టాలో మీకే తెలుసు.

జరగనిదానిని కూడా ఎరిగిన దేవుడు, జరిగినదానిలో మీకు తోడైయుండును గాక. ఆమేన్.